రెండు ఐఎఫ్ఎస్‌లు కలిసిన చదువు

* పర్యావరణ శాస్త్రం, అంతర్జాతీయ వ్యవహారాలు కలిపి పీజీ
* రుషికుల్య తాబేలు మీద జెనీవాలో వాదన... ఈ చదువులో అదే పెద్ద పాఠం
* రెండు భాషల మధ్య పెరిగిన పిల్లలకు కలిసొచ్చే దారి

బరంపురం: ‘మా అమ్మాయికి ఐఎఫ్ఎస్ చేయాలనుందండీ’ అని ఎవరైనా అంటే, ‘ఏ ఐఎఫ్ఎస్?’ అని అడగాల్సి వస్తుంది. మన దేశంలో ఐఎఫ్ఎస్‌లు రెండు. ఒకటి విదేశాంగ సర్వీసు, ఇంకొకటి అటవీ సర్వీసు. మొదటిదానికి ఏ డిగ్రీ ఉన్నా సరే. రెండోదానికి సైన్సు, వ్యవసాయం, ఇంజినీరింగ్ లాంటివి చదివి ఉండాలి. అలాంటి సబ్జెక్టులేవీ లేని బీఏ వాళ్లకు అటవీ సర్వీసు పరీక్ష రాసే అవకాశమే లేదు. ఒకరికి అడవి తెలియాలి, మరొకరికి పరాయి దేశం తెలియాలి. ఇద్దరికీ పని పడే సందర్భం రాదన్న లెక్క మీదే మన చదువులు నడుస్తూ వచ్చాయి.

ఈ విలేకరి బీఏ చదివిన రోజుల్లోనూ అంతే. బోటనీ, జువాలజీ వాళ్లది ఒక బ్లాకు, పాలిటిక్స్, ఎకనమిక్స్ వాళ్లది ఇంకో బ్లాకు. మధ్యలో సైకిల్ స్టాండు. అటు వాళ్లు ఇటు రావడం క్యాంటీన్‌కే.

కానీ మన గంజాం తీరంలో వల వేసే మనిషికి ఈ రెండు బ్లాకులూ ఎప్పుడో కలిసిపోయాయి. తాబేలు ఎప్పుడు గుడ్లు పెడుతుందన్నది సైన్సు. రొయ్య ఏ దేశానికి ఎగుమతి అవుతుందన్నది విదేశీ వ్యవహారం. ఆ రెంటి మధ్యా ఇరుక్కున్నది అతని పడవ. పర్యావరణ శాస్త్రాన్నీ అంతర్జాతీయ వ్యవహారాలనూ కలిపి చెప్పే పీజీ కోర్సులు అందుకే పుట్టాయి. డిగ్రీ పూర్తిచేసి ‘తర్వాతేంటి?’ అని ఆలోచిస్తున్న మన పిల్లలు ఒకసారి చూడాల్సిన దారి ఇది.

ఇంతకీ ఏమిటీ చదువు?

గాలికి, నీటికి, చేపకు, పక్షికి సరిహద్దుల్లేవు. చట్టాలకు ఉన్నాయి. ఈ తేడా వల్ల వచ్చే తగాదాలను అర్థం చేసుకుని, తీర్చడం నేర్పేదే ఈ చదువు. సగం సైన్సు: వాతావరణం, నీటి ప్రవాహం, జీవావరణం, విషపదార్థాల ప్రభావం. సగం వ్యవహారం: ఆర్థికశాస్త్రం, గణాంకాలు, ఒప్పందాల చట్టం, సంప్రదింపులు, బడ్జెట్.

అమెరికాలో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం 2002లో ఇలాంటి కోర్సు ఒకటి మొదలుపెట్టింది. పేరు ఎంపీఏ ఇన్ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ పాలసీ. దాన్ని నడిపింది అక్కడి అంతర్జాతీయ వ్యవహారాల కళాశాల, భూవిజ్ఞాన సంస్థతో చేయి కలిపి. 12 నెలల్లో పూర్తయ్యేలా కోర్సును తీర్చారు. మొదటి వేసవి అంతా సైన్సే. కామర్సు చదివినవాళ్లయినా, చరిత్ర చదివినవాళ్లయినా రసాయనశాస్త్రం, జలశాస్త్రం దిద్దుకోవాల్సిందే. తర్వాత రెండు సెమిస్టర్లలో పాలన, విధానం, డబ్బు లెక్కలు.

అందులో అన్నిటికన్నా పనికొచ్చేది వర్క్‌షాప్. చట్టసభ ముందుకొచ్చిన ఒక బిల్లును విద్యార్థుల బృందానికి అప్పజెబుతారు. మొదట ఆ బిల్లు వెనకున్న సైన్సు ఏమిటో మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పాలి. తర్వాత అది చట్టమైతే ఎంత మంది సిబ్బంది కావాలో, ఎంత ఖర్చో, మొదటి ఏడాది ఏం చేయాలో ప్రణాళిక వేయాలి. చివరి సెమిస్టర్‌లో నిజంగా ఉన్న ఓ సంస్థకు సలహా నివేదిక రాసివ్వాలి.

సిద్ధాంతం ఇంతవరకూ చాలు. అసలు పాఠం మన ఊళ్లోనే ఉంది.

రుషికుల్య ఇసుకలో మొదలైన కథ

బరంపురం నుంచి గంజాం వైపు వెళ్తే రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటు వస్తుంది. అక్కడి ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు లక్షలాదిగా గుడ్లు పెడతాయి. ఈ సంగతి శాస్త్రలోకానికి తెలిసింది 1994లోనే. ఒడిశాలో ఇలా మూకుమ్మడిగా గుడ్లు పెట్టే చోట్లు మూడు: కేంద్రపడా జిల్లా గహీర్మఠ, దేవీ నది ముఖద్వారం, మన రుషికుల్య. ఒక్కో తల్లి తాబేలు ఇసుక తవ్వి దాదాపు వంద గుడ్లు పెట్టి, మళ్లీ ఇసుక కప్పేసి వెళ్లిపోతుంది. ఆరేడు వారాల తర్వాత పిల్లలు వాటంతటవే పైకొచ్చి, వెలుతురు కనబడిన వైపు పాకుతాయి. గూట్లో ఇసుక వేడి ఎక్కువగా ఉంటే ఆడపిల్లలు, తక్కువగా ఉంటే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి. భూతాపం పెరిగితే లెక్క తప్పుతుందన్న భయం అందుకే.

తాబేళ్లు ఏటా వస్తాయన్న హామీ కూడా లేదు. 2024లో రుషికుల్యకు మూకుమ్మడిగా రాలేదు. 2025 ఫిబ్రవరిలో మాత్రం ఆరు లక్షలకు పైగా వచ్చాయి. ఎందుకు రాలేదో, ఎందుకు వచ్చాయో చెప్పాల్సింది సైన్సు.

ఈ తాబేలుకు నీళ్లలో ఊపిరాడదు. గాలి కోసం పైకి రావాలి. మరబోట్ల వల గంటల తరబడి నీళ్లలో ఈడ్చుకెళ్తే, అందులో చిక్కిన తాబేలు ఊపిరాడక చచ్చిపోతుంది. ఆ కళేబరాలు ఒడ్డుకు కొట్టుకురావడం తీరంలో ఉన్నవాళ్లందరూ చూసిందే.

దీనికి ఓ పరికరం కనిపెట్టారు. పేరు టెడ్. వల మధ్యలో అమర్చే ఇనప కమ్ముల చట్రం అది. రొయ్యలు, చిన్న చేపలు కమ్ముల సందుల్లోంచి వల చివరకు వెళ్లిపోతాయి. తాబేలు కమ్ములకు తగిలి, పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది. అమెరికా తన రొయ్యల బోట్లకు 1980ల చివర్లో దీన్ని తప్పనిసరి చేసింది. 1989లో సెక్షన్ 609 అనే చట్టం తెచ్చి, తాబేళ్లకు హాని చేసే వలలతో పట్టిన రొయ్యలను ఇతర దేశాల నుంచి కొనబోమని చెప్పింది. మొదట్లో అది కరీబియన్ వైపు దేశాలకే పరిమితం. అక్కడి పర్యావరణ సంస్థలు కోర్టుకెళ్లాయి. 1995 డిసెంబరులో కోర్టు ఈ నిబంధన ప్రపంచమంతటికీ వర్తించాలంది. 1996 మే 1 నుంచి అమలు. ఆసియా దేశాలకు మిగిలిన గడువు నాలుగు నెలలు.

జెనీవాలో తాబేలు

భారత్, మలేసియా, పాకిస్థాన్, థాయ్‌లాండ్ కలిసి 1996 అక్టోబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. భారత్, పాకిస్థాన్ ఒకే పక్షాన నిలబడిన అరుదైన సందర్భం అది. మా సముద్రంలో మేం ఎలా వేట చేయాలో మీ చట్టం ఎలా చెబుతుందన్నది వీళ్ల వాదన. తాబేలు ఏ ఒక్క దేశం సొత్తూ కాదు, అంతరిస్తే అందరికీ పోతుందన్నది అమెరికా వాదన. వ్యాపార తగాదా వినడానికి కూర్చున్న ప్యానెల్ చివరికి ఐదుగురు తాబేళ్ల నిపుణులను పిలిచి అభిప్రాయం అడగాల్సి వచ్చింది. లాయర్ల గదిలోకి జువాలజీ అలా నడిచొచ్చింది.

1998 మేలో ప్యానెల్ అమెరికాకు వ్యతిరేకంగా చెప్పింది. అప్పీలు మీద 1998 అక్టోబరు 12న వచ్చిన తీర్పే ఇప్పటికీ తరగతి గదుల్లో పాఠం. అందులో రెండు ముక్కలున్నాయి. ఒకటి: అంతరించిపోయే సహజ వనరులంటే బొగ్గు, ఖనిజాలే కాదు, తాబేలు కూడా. వాటిని కాపాడేందుకు ఒక దేశం వ్యాపారం మీద ఆంక్షలు పెట్టవచ్చు. రెండు: కానీ అమెరికా పెట్టిన తీరు సరిగా లేదు. కరీబియన్ వైపు దేశాలకు మూడేళ్ల గడువిచ్చి, సాంకేతిక సాయం చేసి, ఒప్పందం కుదుర్చుకుంది. ఆసియా దేశాలతో అలాంటి సంప్రదింపులు గట్టిగా చేయలేదు. కొందరికి ఒక న్యాయం, మరికొందరికి ఇంకో న్యాయం కుదరదు.

అమెరికా చట్టాన్ని తీసేయలేదు, అమలు చేసే పద్ధతి మార్చింది. ఆ మార్పు చాలదని మలేసియా మళ్లీ వెళ్తే 2001లో ఓడిపోయింది. అదే ఏడాది హిందూ మహాసముద్ర దేశాల మధ్య తాబేళ్ల రక్షణకు ఒక అవగాహన పత్రం అమల్లోకి వచ్చింది. భారత్ 2007లో సంతకం పెట్టింది. కేసు గెలిచాం కదా అని ఊరుకుంటే కుదరలేదన్నమాట. 2019లో అమెరికా మళ్లీ మన సముద్రపు రొయ్యలకు సర్టిఫికెట్ ఆపేసింది. కారణం అదే టెడ్. చెరువుల్లో పెంచిన రొయ్యలకు ఈ నిబంధన వర్తించదు. కాబట్టి భీమవరం వైపు చెరువుల రైతుకు తగలని దెబ్బ, సముద్రం మీద బతికేవాడికి తగిలింది.

ఆ గదిలో లేనిదెవరు?

ఇక్కడే అసలు బాధ ఉంది. రుషికుల్య, దేవీ, ధామ్రా ముఖద్వారాల దగ్గర 20 కిలోమీటర్ల మేర ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు వేట నిషేధం. ఏడు నెలలు. ఇది కాక తూర్పు తీరమంతటికీ వేసవిలో 61 రోజుల నిషేధం ఎటూ ఉంది. గంజాం తీరంలో తరాలుగా ఉంటున్న జాలరి, వాడబలిజ కుటుంబాలు ఎక్కువగా తెలుగు మాట్లాడేవే. ఒడియా వాళ్లు ‘నోలియా’ అని పిలిచేది వీళ్లనే. తెప్ప మీద, ఫైబర్ బోటు మీద వెళ్లి చిన్న వల వేసి సాయంత్రానికి తిరిగొచ్చే వేట వీళ్లది. పెద్ద మరబోటు వలా, ఈ చిన్న వలా తాబేలుకు చేసే చేటు ఒకటి కాదు. కానీ గీత గీసేటప్పుడు అందరికీ ఒకే గీత.

పైగా రుషికుల్యలో తాబేళ్ల గుడ్లను కాపలా కాసేదీ, దారి తప్పిన పిల్లలను బుట్టల్లో ఏరి నీళ్లలో వదిలేదీ చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్లే. అదే తీరంలోని పొడంపేటలో కడలి కోతకు ఇళ్లు పోయి, జనం లోపలి కాలనీకి తరలిపోవాల్సి వచ్చింది. తాబేలుకూ వీళ్లకూ ఒడ్డు ఒక్కటే. ఆ ఒడ్డే తరిగిపోతోంది.

తీర్పుల్లో, ఒప్పందాల్లో, నివేదికల్లో తాబేలు పేరు శాస్త్రీయంగా ఉంటుంది. దేశాల పేర్లుంటాయి. ఈ పల్లెల పేర్లుండవు. ఎవరో కుట్ర చేసి తీసేశారని కాదు. వల గురించి తెలిసినవాడికి ఒప్పందం భాష రాదు, ఒప్పందం భాష వచ్చినవాడికి వల సంగతి తెలియదు. ఈ మధ్యలో నిలబడగలిగే మనిషిని తయారుచేయడమే ఈ చదువు లక్ష్యం కావాలి.

ప్రతి సరిహద్దుకూ ఓ పాఠం

ఒక్క గంజామే కాదు. తెలుగువాళ్లు స్థిరపడిన ఏ సరిహద్దు చూసినా ఇలాంటి కథ ఒకటి దొరుకుతుంది.

చిలికా సరస్సు 1981లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడినేలగా గుర్తింపు పొందింది. ఇసుక మేట వేసి పాడవుతోందని 1993లో ప్రమాద జాబితాకెక్కింది. 2000లో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వాక, 2002లో ఆ జాబితా నుంచి బయటపడింది.

తమిళనాడులో వాణియంబాడి, ఆంబూరు తోళ్ల పరిశ్రమలది పాలారు కథ. తోళ్లు విదేశాలకు, మురికి ఏటికి. 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు వెల్లూరు పౌరుల కేసులో తీర్పిస్తూ, కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలన్న అంతర్జాతీయ సూత్రం మన దేశపు చట్టంలో భాగమేనంది.

మహారాష్ట్రలోని షోలాపూర్‌లో మగ్గాల మీద తెలుగు పద్మశాలీలు నేసిన బట్టకు 1990లలో జర్మనీ నుంచి చిక్కొచ్చింది. క్యాన్సర్ కారకాలుగా మారే కొన్ని అజో రంగులున్న బట్టలను ఆ దేశం నిషేధించింది. మన దేశమూ 1997లో అలాంటి రంగులను నిషేధించింది. అద్దకం తొట్టి దగ్గర నిలబడ్డ కార్మికుడి ఆరోగ్యం కోసం ఎన్నడూ రాని నిబంధన, తొడుక్కునే విదేశీయుడి చర్మం కోసం వచ్చింది!

కర్ణాటకలోని బళ్లారిలో చైనా కొనుగోళ్లతో ఇనుప ఖనిజం ధర ఆకాశానికెక్కి, కొండలు తరిగి, దుమ్ము పొలాల మీద పడింది. 2011 జులై 29న సుప్రీంకోర్టు తవ్వకాలు ఆపేయించింది.

చిత్తూరు సరిహద్దులో ఎర్రచందనం. 1995 నుంచి ఇది సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం రెండో జాబితాలో ఉంది. గిరాకీ విదేశాల్లో. గొడ్డలి పట్టేది తమిళనాడు కొండల పేద కూలీలు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో వారిలో 20 మంది చనిపోయారు. ఒక చెట్టు విలువ ఎక్కడో నిర్ణయమైతే ప్రాణాలు ఇక్కడ పోయాయి.

2012 అక్టోబరులో హైదరాబాద్‌లోనే జీవవైవిధ్య ఒప్పంద దేశాల 11వ సదస్సు జరిగింది. ప్రపంచమంతా మన గడపలోకి వచ్చి కూర్చున్న రోజులవి. లోపల కూర్చుని మాట్లాడగలిగిన తెలుగు పిల్లలు ఎందరున్నారన్నది మనల్ని మనం వేసుకోవాల్సిన ప్రశ్న.

ఎక్కడ చదవాలి?

విదేశాల్లో కొలంబియాతో పాటు చాలా చోట్ల ఈ కలయిక ఉంది. అమెరికాలోని యేల్‌లో 1900లో అడవుల చదువుగా మొదలైన కళాశాల, 2020లో పర్యావరణ కళాశాలగా పేరు మార్చుకుంది. ఆ పేరు మార్పులోనే చదువు ఎటు నడిచిందో తెలుస్తుంది. ఐక్యరాజ్యసమితి తీర్మానంతో 1980లో కోస్టారికాలో నెలకొల్పిన యూనివర్సిటీ ఫర్ పీస్‌లోనూ పర్యావరణం, శాంతి కలిపి చెబుతారు. యూరప్‌లో ‘మెస్పమ్’ అనే ఉమ్మడి మాస్టర్స్ 2005లో మొదలైంది. ఒకే డిగ్రీ కోసం ఒకటికి మించిన దేశాల్లో చదవడం దీని ప్రత్యేకత.

మన దేశంలో ఢిల్లీలోని టెరి సంస్థ నడిపే విద్యాలయంలో వాతావరణ శాస్త్రం, విధానం కలిపిన ఎమ్మెస్సీ ఉంది. జేఎన్‌యూలో పర్యావరణ శాస్త్రాల స్కూలు, అంతర్జాతీయ అధ్యయనాల స్కూలు ఒకే ఆవరణలో ఉన్నాయి. డిగ్రీలు వేరైనా, రెండు చోట్లా చెవి పెట్టే విద్యార్థికి అడ్డు లేదు. అక్కడ పీజీ ప్రవేశాలకు సీయూఈటీ రాయాలి.

దగ్గర్లోనే మొదలుపెట్టాలనుకుంటే మన బరంపురం విశ్వవిద్యాలయంలో మెరైన్ సైన్సెస్ విభాగం ఉంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. ఇక్కడ సైన్సులో పీజీ చేసి, తర్వాత విధానం వైపు వెళ్లడం తక్కువ ఖర్చు దారి.

డబ్బు సంగతి

విదేశీ చదువంటే ఇంటి మీద అప్పు అని భయపడటం సహజం. కోర్సు ఏడాదే అయినా ఖర్చు ఏడాదికి సరిపడా ఉండదు, అంతకు మించే ఉంటుంది. అందుకే ముందు స్కాలర్‌షిప్పులు చూడాలి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌లో పర్యావరణ అధ్యయనాలు ఒక విభాగం. కనీసం మూడేళ్ల ఉద్యోగ అనుభవం అడుగుతారు. బ్రిటన్ ఇచ్చే చెవనింగ్‌కు రెండేళ్ల అనుభవం కావాలి. అంటే డిగ్రీ చేతికి రాగానే విమానం ఎక్కాలని తొందరపడక్కర్లేదు. రెండు మూడేళ్లు తీరంలోనో, అడవిలోనో, ఏదైనా సంస్థలోనో పని చేస్తే అదే అర్హత అవుతుంది.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీలకు, సంచార జాతులకు, భూమిలేని వ్యవసాయ కూలీలకు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలకు ఉంది. ఏ రాష్ట్రంలో ఉన్నవాళ్లయినా అర్హులే. తెలుగు రాష్ట్రాలు ఇచ్చే విదేశీ విద్యా సాయం మాత్రం అక్కడి స్థానికులకే. భాష తెలుగైనా చిరునామా ఒడిశాదైతే అది వర్తించదు. ఈ తేడా తెలియక దరఖాస్తు పెట్టి నెలలు వృథా చేసుకోవద్దు. ఫీజులు, వీసా నిబంధనలు ఏటా మారతాయి. కన్సల్టెన్సీ మాట కన్నా విశ్వవిద్యాలయం నుంచి నేరుగా వచ్చిన మాటనే నమ్మాలి.

చదివితే ఏమొస్తుంది?

నిజం చెప్పాలంటే, ఇది చదివినంత మాత్రాన ఏ ఐఎఫ్ఎస్సూ రాదు. రెంటికీ యూపీఎస్సీ పరీక్ష రాయాల్సిందే. సాఫ్ట్‌వేర్‌లా క్యాంపస్‌లోనే ఉద్యోగం కూడా ఆశించలేం. కానీ పని ఉన్న చోట్లు తక్కువేం కాదు. కొచ్చి కేంద్రంగా ఉన్న సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, ఢిల్లీ ఐఐఎఫ్‌టీలో 1999లో పెట్టిన డబ్ల్యూటీఓ అధ్యయన కేంద్రం, కాలుష్య నియంత్రణ మండళ్లు, 1972లో ఏర్పడి, నైరోబీ కేంద్రంగా ఉన్న ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం, స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి. విదేశాలకు సరుకు పంపే కంపెనీలకూ ఇలాంటివాళ్లు కావాలి. తోలైనా, బట్టైనా, రొయ్యైనా ఎలా తయారైందో కాగితం చూపించమని కొనేవాడు అడుగుతున్నాడు కదా.

మన పిల్లలకు ఇంకో బలం ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. మూడింటి మధ్యా రోజూ మాట మారుస్తూ పెరిగారు. నాన్న చెప్పింది ఆఫీసులో గుమాస్తాకు, గుమాస్తా చెప్పింది నాన్నకు అర్థమయ్యేలా చెప్పిన ప్రతి పిల్లా, పిల్లాడూ సంప్రదింపుల పాఠం సగం నేర్చుకున్నట్టే. మిగతా సగమే విశ్వవిద్యాలయం నేర్పాలి.

దీనికి ముందున్న ఉదాహరణ కోసం దూరం వెళ్లక్కర్లేదు. రాష్ట్రపతి పదవి దాకా వెళ్లిన వి.వి.గిరి 1894లో పుట్టింది ఈ బరంపురంలోనే, తెలుగు కుటుంబంలో. అప్పటికి ఇది మద్రాసు ప్రెసిడెన్సీ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక ఇటు కలిసింది. ఆయన 1927లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక మహాసభకు వెళ్లింది మన దేశ కార్మికుల ప్రతినిధిగా. రైల్వే కార్మికుడి కష్టం తెలిసిన మనిషి ఆ గదిలో కూర్చున్నాడు.

మళ్లీ నవంబరు వస్తుంది. గంజాం తీరంలో పడవలు ఒడ్డుకెక్కుతాయి. తాబేళ్లు ఎప్పట్లాగే నీళ్లలో తిరుగుతుంటాయి. వీటి గురించి ఎక్కడో ఒక గదిలో మాట్లాడుకుంటూనే ఉంటారు. అక్కడ ఒక కుర్చీ మన తీరపు పిల్లదో, పిల్లాడిదో అయితే, తాబేలు బతకాలన్న మాటా, జాలరి బతకాలన్న మాటా ఒకే నోట వినపడతాయి.